ఆవకాయ సీసాలో మట్టి

నా ముక్కు గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఒకప్పుడు మా ఆఫీసులో దానికి నాకన్నా ఎక్కువ మర్యాద ఉండేది.

మేం చేసే పని చాలామందికి తెలియదు. పెట్రోలు బంకుల కింద, భూమిలో, ఇనుప ట్యాంకులుంటాయి. విశాఖపట్నంలో ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లే అయిదేళ్ళు ఆగదు. ముప్ఫై ఏళ్ళుగా మట్టిలో పడుకున్న ట్యాంకు మాత్రం ఆగుతుందని అందరూ నమ్ముతారు. అది ఆగదు. ఎక్కడో తుప్పుపట్టి సూదిమొనంత కన్నం పడుతుంది, అందులోంచి డీజిలు చుక్కచుక్కగా మట్టిలోకి దిగుతుంది. ఆ ట్యాంకుని పైకి తీసి, పాడైన మట్టిని తవ్వి, లారీలకెత్తి, శుభ్రం చేసే యార్డుకి పంపి, గోతిని మంచి మట్టితో నింపడం మా కంపెనీ పని. కంపెనీ అంటే ఒక సారు, ఒక గుమాస్తా, అద్దెకి తెచ్చే పొక్లెయిన్, నేను.

ఈ పనిలో ప్రశ్న ఒక్కటే, తవ్వడం ఎక్కడ ఆపాలి. తొందరగా ఆపేస్తే విషం లోపలే ఉండిపోతుంది. ఆపకపోతే పక్కవాడి గోడ కూలిపోతుంది. దీన్ని తేల్చడానికి మా దగ్గర ఒక మీటరుంది. మట్టి దగ్గర పెడితే ఆవిరిని పట్టి అంకె చూపిస్తుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు అది రిపేరుకని హైదరాబాదులో ఉంటుంది. మిగతా నాలుగు నెలలు కూడా సారు దాన్ని బీరువాలోంచి బయటికి తియ్యరు, పాడవుతుందని. అందుకని నా ముక్కే మీటరు. గాజు సీసాలో సగానికి మట్టి వేసి, మూత బిగించి, పావుగంట ఎండలో పెడతాను. మట్టిలో నూనె ఉంటే ఆ వేడికి పైకి లేస్తుంది. మూత తీస్తూనే వాసన చూసి ఉందో లేదో చెబుతాను. నియమాల ప్రకారం అలా వాసన చూడకూడదు. నియమాలు రాసినవాళ్ళ మీటరు హైదరాబాదులో లేదు మరి.

ఈ ముక్కు మా అమ్మది. నాన్నకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వస్తే గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. అమ్మ పొద్దున్న పాలు చూసి సాయంత్రానికి విరుగుతాయని చెప్పేది, విరిగేవి. ఊళ్ళో పొలం అన్నయ్యకి వచ్చింది, ముక్కు నాకు వచ్చింది. నాకే మంచి వాటా దక్కిందని చాలా ఏళ్ళు అనుకున్నాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో నాకూ వచ్చింది. పన్నెండు రోజులు గదిలో పడుకుని లేచాను. జ్వరం వెళ్తూ వెళ్తూ ముక్కుని వెంటబెట్టుకుపోయింది. అందరికీ అలాగే పోయింది, నెలకో రెండు నెలలకో అందరికీ తిరిగి వచ్చింది. నాకు రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే వస్తుందన్నాడు. ఎప్పుడో చెప్పలేదు.

నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పప్పు మాడిపోతుంటే పక్క గదిలో కూర్చుని పేపరు చదివాను. మా ఆవిడ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి "వాసన రాలేదా" అంది. వార్తల్లో పడి చూసుకోలేదన్నాను. భోజనం దగ్గర ఉప్పు, కారం, పులుపు నాలుక్కి తెలిసేవి, అంతకుమించి ఏమీ తెలిసేది కాదు. ఏం వడ్డించినా "బాగుంది" అనేవాణ్ణి. పెళ్ళయిన పదిహేడేళ్ళలో నేను వరసగా అన్ని పూటలు బాగుందనడం అదే మొదలు. ఇంట్లో గొడవలు తగ్గాయి.

పనిలో చెప్పకపోవడానికి కారణం వేరు. ముక్కు లేని నన్ను సారు ఏం చేసుకుంటారు? పార పట్టే వయసు దాటింది, కంప్యూటరు గుమాస్తాది. అందుకని మూత తీసి, కళ్ళు మూసుకుని, ఇదివరకటికన్నా ఎక్కువసేపు గాలి పీల్చేవాణ్ణి. తర్వాత మట్టి రంగు చూసి మాట చెప్పేవాణ్ణి. నల్లగా ఉంటే ఉంది, ఎర్రగానో తెల్లగానో ఉంటే లేదు. ల్యాబుకి కూడా నేను ఏరి ఇచ్చిన సీసాలే వెళ్తాయి గనక రిపోర్టులు నా మాటని ఎప్పుడూ కాదనలేదు. ఈమధ్య నాకు శ్రద్ధ పెరిగిందని సారు మెచ్చుకున్నారు కూడా.

అలా మూడేళ్ళు నడిచాక, హార్బరుకి దగ్గర్లో, జాలర్ల ఇళ్ళని ఆనుకుని ఉన్న ఒక పాత బంకు పని మాకొచ్చింది.

ఆ బంకు ప్రహరీ వెనక ఒక పెంకుటిల్లు, దాని పెరట్లో నుయ్యి. ఆ ఇంటావిడ చేపలమ్ముతుంది. అరవై దాటి ఉంటాయి. తెల్లారేసరికి హార్బరులో వేలంలో చేపలు పాడుకుని, ఇంటికి తెచ్చి, నూతి నీళ్ళతో కడిగి, తట్టకెత్తి, ఆటోలో ఊళ్ళోకి వెళ్ళి గుమ్మం గుమ్మం తిరుగుతుంది. ఏళ్ళ తరబడి అవే వీధులు, అవే గుమ్మాలు. ఏడాది కిందట ఒక గుమ్మంలో "ఏమిటి నీ చేప కిరసనాయిలు వాసన వస్తోంది" అన్నారట. తర్వాత ఇంకో గుమ్మంలో. వాడుక ఇళ్ళు సగం పోయాయి. బంకు యజమానికి చెబితే, నీ చేపల కంపు నా బంకులోకి వస్తోందని నేనెవరికి చెప్పుకోవాలి అన్నాడు. కుళాయి రెండు రోజులకోసారి గంటసేపు వస్తుంది, ఆ నీళ్ళు వంటకీ తాగడానికే సరి. ఆవిడ తిరగని ఆఫీసు లేదు. చివరికి ఎవరో వచ్చి చూసి ట్యాంకు కారుతోందని తేల్చాక మమ్మల్ని పిలిచారు.

మొదటిరోజు గోడ మీంచి తల పెట్టి నాతో అంది. "నాకు డబ్బులొద్దు బాబూ. నా నుయ్యి నాకిచ్చీండి. ఈ నీల్లతో కడిగితే నా సేప నాకే అసయ్యమేస్తంది."

"మూడు నెలల్లో నీ నుయ్యి నీకిచ్చేస్తాం" అన్నాను. అప్పట్లో ఆవిణ్ణి నువ్వనే అనేవాణ్ణి.

మూడు రోజులు తవ్వాం. ట్యాంకు పైకి వచ్చింది. అడుగున, ఆవిడ గోడవైపే, కన్నం ఉంది. దాని చుట్టూ మట్టి తారులా నల్లగా ఉంది, లారీలకెత్తించాం. అయిదో రోజుకి ఇసుక తగిలింది. సముద్రం పక్క నేల కదా, తెల్లటి సన్నటి ఇసుక. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. సీసాలో పోసి, ఎండలో పెట్టి, మూత తీసి, చాలాసేపు పీల్చాను.

"బావా, ఆపీమంటావా?" అన్నాడు పొక్లెయిన్ నడిపేవాడు.

ఆపెయ్యమన్నాను. గోడకి అవతల నీళ్ళ గాబు బోర్లించి దాని మీదెక్కి చూస్తున్న ఆవిడ, "ఇంకా ఉంది బాబూ, గోడేపు కొడతంది" అంది.

"రోజంతా చేపల్లో ఉండే ముక్కమ్మా నీది. డీజిలు సంగతి నీకేం తెలుస్తుంది" అన్నాను.

పనివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. ఆవిడ నావైపు ఒకసారి చూసి గాబు మీంచి దిగిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. ఆ రోజు మాత్రం లేదు. ఆ రోజు నా భయమంతా పొక్లెయిన్ కుర్రాడు ఆ సీసా అందుకుని తనూ వాసన చూస్తాడేమోనని.

గొయ్యి పూడ్చేశాం. బంకులో కొత్త ట్యాంకులు దింపి, కొబ్బరికాయ కొట్టి, రంగులు వేశారు. నూతిలో నీళ్ళు రెండుసార్లు మొత్తం తోడించి, వానలు పడితే కొత్త ఊట వస్తుందని ఆవిడకి చెప్పాం. వానలు పడ్డాయి. వానలు వెలిసిన వారానికి ఆవిడ మా ఆఫీసుకి వచ్చి, రెండంతస్తుల మెట్లెక్కిన ఆయాసంతో, సారు బల్ల మీద ఒక నీళ్ళ సీసా పెట్టింది. నీళ్ళ మీద ఏడు రంగుల పొర తేలుతోంది. అది కనిపెట్టడానికి ముక్కు అక్కర్లేదు. సారు సీసా వంకా నా వంకా చూసి, ఆవిడ పెరట్లో మట్టి తీసి పరీక్ష చెయ్యమన్నారు.

మా సీసాలు అంతకుముందు వారమే లారీలో పగిలిపోయాయి. కొత్తవి కొనేదాకా ఆగకుండా ఇంట్లో అడిగాను. ఇప్పుడు ఊళ్ళో అన్నయ్య దగ్గర ఉంటున్న అమ్మ ప్రతి వేసవిలో పంపే ఆవకాయ సీసాలు నాలుగు ఖాళీగా ఉన్నాయి. "కడిగే పెట్టాను" అంది మా ఆవిడ. అద్దంలా మెరుస్తున్నాయి. పట్టుకెళ్ళాను.

నూతి చుట్టూ నాలుగు చోట్ల బోరు కమ్మీ దించి మట్టి తీసి, నాలుగు సీసాల్లో వేసి, గట్టు మీద ఎండలో పెట్టాను. ఆవిడ ఎదురుగా పీట వేసుకుని నెత్తళ్ళనే చిన్న చేపలు బాగుచేసుకుంటోంది. పావుగంట అయ్యాక మొదటి సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని పీల్చాను. "ఏ వాసనా లేదు" అన్నాను. రెండోది తీశాను. "లేదు."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని లేచి వచ్చింది. నా చేతిలోంచి సీసా తీసుకుని ఒక్కసారి వాసన చూసింది. మూడోదీ నాలుగోదీ కూడా తనే తీసి చూసింది. తర్వాత నా ముఖంలోకి చూస్తూ, నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"డీజిలుంది. దాని మీద ఆవకాయుంది. ఆవపిండీ ఎల్లుల్లీ గుప్పున కొడతన్నాయి. డీజిలు తెలీలేదంటే సరే. ఆవకాయి తెలీకపోడమేటి బాబూ?"

నేను మూతలు ఏరుకుని ఒక్కొక్కటే సీసాలకి బిగించడం మొదలుపెట్టాను.

"కల్లు మూసుకో" అంది. మూసుకున్నాను. లోపలికి వెళ్ళి వచ్చిన అడుగుల చప్పుడైంది. ముక్కు కింద ఏదో పెట్టింది. "ఏటిది?"

ఇందాకటి నుంచి ఆవిడ చేస్తున్న పని గుర్తు పెట్టుకుని, "నెత్తళ్ళు" అన్నాను.

కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ అరచేతిలో కర్పూరం బిళ్ళ ఉంది.

ఆవిడ తిట్టలేదు. తిడితే నాకు తేలికగా ఉండేది. నూతి గట్టు మీద నా పక్కన కూర్చుంది.

"ఎన్నాల్లయింది?"

"మూడేళ్ళు."

"ఇంట్లో తెల్సా?"

తెలియదన్నాను. ఆ మాట బయటికి అనేసరికి నాకు ఏడుపొచ్చింది. మూడేళ్ళలో డాక్టరుకి కాక ఇంకో మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆ మనిషి, నేను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి.

"మా ఆయనకీ బోటు ఇంజను కాడ సెవులు పోయాయి" అంది ఆవిడ నూతిలోకి చూస్తూ. "పోయాయని సెప్పలేదు. నానేటన్నా తలూపీవోడు. ఎంత మంచోడో అనుకునీదాన్ని." తర్వాత నావైపు తిరిగి, "రేపు మీ సారుకి నువ్వే సెప్పు. నాను సెబితే సేపలమ్మి సెప్పినట్టుంటాది" అంది.

మర్నాడు చెప్పాను. సారు టీ తాగుతున్నారు. మొత్తం విని, "ఈ మూడేళ్ళలో ఎన్ని గోతులు మూశాం?" అన్నారు. పదకొండన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. ఆ టీ మళ్ళీ ముట్టుకోలేదు. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. పదకొండు గోతులు ఎక్కడెక్కడున్నాయో నాకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు గనక తీసెయ్యలేదని తర్వాత అర్థమైంది.

ఇంట్లో అదే సాయంత్రం చెప్పాను. మా ఆవిడ ముందు జాలిపడింది. డాక్టర్ని మార్చాలంది. పావుగంట తర్వాత వంటింట్లోంచి వచ్చి, "అయితే మూడేళ్ళుగా బాగుంది బాగుంది అన్నవన్నీ?" అంది. తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు.

మళ్ళీ తవ్వకం మొదలుపెట్టాం. మీటరు రావడానికి ఇంకా పది రోజులు పడుతుందని హైదరాబాదు వాళ్ళన్నారు. సారు అన్నాళ్ళు ఆగనన్నారు. "ఆ అమ్మనే అడుగు" అన్నారు. వెళ్ళి అడిగాను. "మీరు వాసన చూసి చెబితే మేం తవ్వుతాం" అన్నాను. ఆవిడ ఆలోచించి, "ముందు సీసాలు కొత్తవి తే" అంది. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి రెండు డజన్లు కొన్నాను. కొన్నాక కూడా ఆవిడ ఒక్కొక్కటీ ఖాళీగా వాసన చూసి గానీ మట్టి వెయ్యనివ్వలేదు.

ప్రహరీ కూలగొట్టాం. నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆవిడ కూర్చుంది. నేను మట్టి నింపి, ఎండలో పెట్టి, తెచ్చి అందించేవాణ్ణి. మూత తీసి ఒక్క పీల్పు, అంతే. "ఇంకా." మళ్ళీ తవ్వకం. "ఇంకా." నాలాగా కళ్ళు మూసుకోవడాలూ భ్రుకుటి ముడెయ్యడాలూ లేవు. చేప మొప్ప ఎత్తి చూసి నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పినంత తేలికగా చెప్పేది. పొక్లెయిన్ కుర్రాడు రెండో రోజుకే నన్నడగడం మానేసి, "మామ్మా, ఆపీమంటావా?" అని నేరుగా ఆవిణ్ణే అడుగుతున్నాడు. నాలుగో రోజున ఇసుకలో ఎప్పటిదో ఒక పాత మట్టిగొట్టం బయటపడింది. బంకు కింద నుంచి నూతి పక్కగా వెళ్తోంది. డీజిలంతా దాన్ని పట్టుకుని, నేను శుభ్రంగా ఉందన్న తెల్లటి ఇసుక కిందుగా, హాయిగా నడిచి వెళ్ళింది. గోడేపు కొడతందని ఆవిడ ఆ రోజు చెప్పింది సరిగ్గా ఆ చోటే.

మీటరు వచ్చాక అన్నీ మళ్ళీ కొలిచాం. ఒక్క సీసా దగ్గర తప్ప మిగతావన్నీ ఆవిడ చెప్పినట్టే వచ్చాయి. ఆ ఒక్కటీ మీటరు లేదంది, ఆవిడ ఉందంది. ల్యాబుకి పంపితే ఉందని వచ్చింది. సారు మీటరుని బీరువాలో పెట్టేశారు.

ఆ తర్వాత నా పదకొండు గోతుల యాత్ర మొదలైంది. ఈ ఒకటీ పోను పది. తొమ్మిది బాగానే ఉన్నాయి, అది నా గొప్పేమీ కాదు. పెందుర్తిలోది బాగాలేదు. పక్కన అపార్టుమెంట్లో బోరు నీళ్ళు వాడుకుంటున్నారు. వాళ్ళకి నేనే వెళ్ళి చెప్పాలన్నారు సారు, వెళ్ళి చెప్పాను. వాళ్ళన్న మాటలు రాయను, అన్నీ న్యాయమైనవే. అక్కడ పని ఇంకా జరుగుతోంది.

నూతి దగ్గర తవ్వింది తవ్వగా, మిగిలిన నేలలోకి గొట్టాలు దించి గాలి పంపడం మొదలుపెట్టాం. గాలి అందితే మట్టిలో ఉండే సూక్ష్మజీవులు మిగిలిన నూనెని కొంచెం కొంచెంగా తినేస్తాయి. వాటికి తొందర లేదు. నెలకోసారి వెళ్ళి నీళ్ళు తీసేవాణ్ణి. ప్రతిసారీ ల్యాబుకన్నా ముందు ఆవిడ చెప్పేది, "తగ్గింది గానీ ఉంది." ఒక వేసవి, ఒక వానాకాలం, ఇంకో వేసవి. మూడు నెలలన్న నా మాటని ఆవిడ ఒక్కసారీ ఎత్తి చూపలేదు. వాడుక గుమ్మాలు ఇంకో రెండు పోయాయని మాత్రం ఒకసారి మాటల్లో చెప్పింది.

మొన్న వానల తర్వాత ల్యాబు కాగితం వచ్చింది, నీళ్ళలో ఏమీ లేదని. పొద్దున్నే పట్టుకెళ్ళాను. ఆవిడ కాగితాన్ని మడిచి చూరులో దోపింది. బకెట్టు నీళ్ళు తోడి, హార్బరు నుంచి అప్పుడే తెచ్చిన వంజరాన్ని ఆ నీళ్ళతో కడిగి, గట్టు మీద ఎండలో పెట్టింది. పావుగంట ఇద్దరం కాకులు రాకుండా దానికి కాపలా కాశాం. తర్వాత మొప్ప ఎత్తి వాసన చూసింది. పొట్ట దగ్గర చూసింది, తోక దగ్గర చూసింది. అలవాటు కొద్దీ నా ముక్కు దగ్గరకీ తెచ్చింది.

"నన్నడక్కండి" అన్నాను.

"మరిసిపోనాను" అంది. ఇంకోసారి తనే చూసింది. "ఏటీ లేదు" అంది.

మిగతా చేపల్ని కూడా ఆ నీళ్ళతోనే కడిగి తట్టకెత్తింది. నేను గట్టు మీదే కూర్చుండిపోయాను. "ఆ మొదట మానీసినోల్ల గుమ్మం కాడికే ముందెల్తాను" అంది. తట్ట దగ్గర వంగి, "లే బాబూ, ఓ సెయ్యెయ్యి" అంది. లేచి తట్ట ఎత్తి ఆవిడ తలకి అందించాను. చేపల నీళ్ళు నా భుజం మీంచి చొక్కా అంతా కారాయి. బస్సులో నా పక్కన కూర్చున్నాయన రెండు స్టాపులు ఓర్చుకుని, లేచి వెళ్ళి నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. "ఏమిటా చేపల కంపు?"

"చేపలదేనా? ఇంకేదైనా వస్తోందా, చూడు" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. దగ్గరికి వచ్చి, నా తడి భుజానికి ముక్కు ఆనించి, నిదానంగా, రెండుసార్లు వాసన చూసింది.

"చేపలే" అంది.